ఏరియల్ లేని టీవీ

అబిడ్స్ జగదీశ్ మార్కెట్లో 2009 ప్రాంతంలో ఫోన్ కొన్నవాళ్లకు ఆ రకం గుర్తుండే ఉంటుంది. పెట్టె మీద ఒక పేరు, ఫోన్ మీద ఇంకో పేరు. రెండు సిమ్ములు, వీధి చివరిదాకా వినపడే స్పీకర్లు, వారం వస్తుందని చెప్పి రెండు రోజులకే దిగిపోయే బ్యాటరీ. వీటన్నిటినీ మించిన ఆకర్షణ ఇంకోటి ఉండేది. మూలన గోటితో పట్టి లాగితే జానెడు పొడవున బయటికొచ్చే స్టీలు ఏరియల్! దాన్ని లాగి, మెనూలో టీవీ గుర్తు నొక్కి, కిటికీ దగ్గరికెళ్లి నిలబడితే దూరదర్శన్ వచ్చేది. నెట్ అక్కర్లేదు. రీచార్జ్ అక్కర్లేదు. ఆ మాటకొస్తే సిమ్ము కూడా అక్కర్లేదు. బొమ్మ మీద చుక్కలు పాకేవి, మనిషి పక్కకు జరిగితే గొంతు పోయేది, బస్సెక్కితే రెండూ పోయేవి. అయినా క్రికెట్ రోజున ఆ ఫోన్ ఉన్నవాడి చుట్టూ నలుగురు మూగేవారు.

2009 నవంబరు 30 అర్ధరాత్రి నుంచి, సరైన ఐఎంఈఐ నంబరు లేని ఫోన్లకు నెట్‌వర్క్ ఆపేయాలని కేంద్రం ఆదేశించింది. 'చైనా ఫోన్లు' చాలావాటికి కాల్స్ ఆగిపోయాయి. టీవీ మాత్రం ఆగలేదు. కాల్ పోని, మెసేజ్ రాని ఫోన్‌లో దూరదర్శన్ నిక్షేపంగా వచ్చేది. చివరికి దాన్ని ఆపింది దూరదర్శనే. నేల మీది అనలాగ్ ట్రాన్స్‌మిటర్లను దశలవారీగా మూసేసి, 2022 నాటికి కొద్ది వ్యూహాత్మక ప్రాంతాల్లో తప్ప మిగతాచోట్ల ఆ ప్రసారానికి స్వస్తి పలికింది.

ఇప్పుడు మన చేతుల్లో ఉన్న ఫోన్లలో బొమ్మ మచ్చలేకుండా వస్తుంది. సీరియల్, సినిమా, అసెంబ్లీ రభస, తిరుమల బ్రహ్మోత్సవం, ప్రపంచకప్ ఫైనల్... ఏదైనా సరే, వేలు పెడితే చాలు. కానీ సాంకేతికంగా చూస్తే ఆ చైనా ఫోన్‌లో వచ్చిందే టీవీ. ఇప్పుడు మనం చూస్తున్న దాని తీరు పూర్తిగా వేరు. పూర్వం ఊళ్లో చాటింపు వేసేవాడు నాలుగు రోడ్ల కూడలిలో నిలబడి ఒక్కసారి డప్పు కొట్టి చెప్పేవాడు. వినేవాళ్లు పదిమందైనా వెయ్యిమందైనా అతను పడే శ్రమ ఒకటే. టవర్ నుంచి వచ్చే టీవీ ప్రసారం ఆ పద్ధతి. ఫోన్‌లో నెట్ ద్వారా వచ్చేది అలా కాదు. ఇంటింటికీ వెళ్లి, తలుపు తట్టి, ఒక్కొక్కరి చెవిలో విడివిడిగా అదే కబురు చెప్పడం. ఒకే గదిలో నలుగురు నాలుగు ఫోన్లలో ఒకే మ్యాచ్ చూస్తుంటే సెల్ టవర్ అదే బొమ్మను నాలుగుసార్లు పంపుతోందన్నమాట.

ఇంత దుబారా పద్ధతి ఎలా గెలిచింది? పొదుపు పద్ధతి ఎందుకు ఓడింది? ఓడినదాన్ని మన ప్రభుత్వం ఇప్పుడు మళ్లీ ఎందుకు బయటికి తీస్తోంది?

జానెడు కడ్డీ కోసం

2005 నుంచి 2010 దాకా ప్రపంచంలో చాలా పెద్ద కంపెనీలు ఫోన్‌కు టీవీ యాంటెన్నా తగిలించే పనిలోనే ఉన్నాయి. అందరికంటే ముందు దిగింది దక్షిణ కొరియా. 2005 మేలో ఉపగ్రహం నుంచి నేరుగా ఫోన్లకు పంపే ఎస్-డీఎంబీ సేవ అక్కడ మొదలైంది. నెలనెలా చందా కట్టాలి. అదే ఏడాది డిసెంబరులో నేల మీది టవర్ల నుంచి టీ-డీఎంబీ వచ్చింది, అదీ ఉచితంగా. పక్కన ఉచితం ఉండగా చందా ఎవరు కడతారు? ఉపగ్రహ సేవ 2012లో మూతపడింది.

జపాన్ చేసిన పని నాకు అన్నిటికంటే నచ్చింది. అక్కడ ఒక డిజిటల్ టీవీ ఛానల్‌కు కేటాయించే 6 మెగాహెర్ట్జ్‌ల జాగాను 13 ముక్కలు చేశారు. పన్నెండు ముక్కల్లో ఇంట్లో పెద్ద టీవీకి వెళ్లే హెచ్‌డీ బొమ్మ. మిగిలిన ఒక్క ముక్కలో ఫోన్ కోసం చిన్న బొమ్మ: 320 పిక్సెళ్ల వెడల్పు, సెకనుకు 15 ఫ్రేములు. 2006 ఏప్రిల్ 1న మొదలైన ఈ సేవ పేరు వన్‌సెగ్. కొత్త టవర్లు కట్టలేదు, వేరే లైసెన్సు అడగలేదు, చూసేవాడి దగ్గర అదనంగా చందా అడగలేదు. భూకంపం హెచ్చరికలు కూడా అందులోనే వచ్చేవి. రైల్లో నిలబడి, ఫోన్ తెర అడ్డంగా తిప్పి, కడ్డీ పైకి లాగి సుమో పోటీలు చూసే ఉద్యోగి ఆ రోజుల్లో టోక్యోలో మామూలు దృశ్యం.

ఆ కడ్డీ సంగతి కాస్త చెప్పుకోవాలి. టీవీకి వాడే యూహెచ్ఎఫ్ తరంగాల్లో, ఉదాహరణకు 500 మెగాహెర్ట్జ్ దగ్గర, ఒక్కో అల పొడవు 60 సెంటీమీటర్లు. సిగ్నల్ బాగా పట్టాలంటే యాంటెన్నా అందులో సుమారు పావు వంతు ఉండాలి, అంటే 15 సెంటీమీటర్లు. సెల్‌ఫోన్ మాటలు, డేటా చాలావరకు ఇంతకంటే ఎక్కువ ఫ్రీక్వెన్సీల్లో నడుస్తాయి కాబట్టి వాటి యాంటెన్నా ఫోన్ అంచుల్లోనే ఇమిడిపోతుంది. టీవీకి అలా కుదరదు. కొన్ని కంపెనీలు ఇయర్‌ఫోన్ తీగనే యాంటెన్నాగా వాడుకున్నాయి. ఫోన్‌లో ఎఫ్ఎం రేడియో పెడితే 'ఇయర్‌ఫోన్ పెట్టండి' అని అడిగేది చూడండి, అదే కిటుకు. ఇప్పటి ఫోన్లలో చాలావాటికి ఇయర్‌ఫోన్ రంధ్రమే లేదు.

ఐరోపాలో నోకియా ముందు నడిచింది. అక్కడి ప్రమాణం పేరు డీవీబీ-హెచ్. అందులో బ్యాటరీ ఆదా కోసం ఒక తెలివైన ఏర్పాటు ఉంది. ఒక ఛానల్ డేటాను నిరంతరంగా పంపకుండా, కొంత కొంత పోగుచేసి ఒక్క ఉదుటున పంపేస్తారు. ఫోన్‌లోని రిసీవర్ ఆ క్షణం మేల్కొని, అందుకుని, మళ్లీ నిద్రపోతుంది. రిసీవర్ తాగే కరెంటులో 90 శాతం దాకా ఇలా మిగిలేది. ఇటలీలో 2006 ఫుట్‌బాల్ ప్రపంచకప్ సమయానికి సేవ మొదలైంది. 2008 మార్చిలో యూరోపియన్ యూనియన్ దీన్ని తన ప్రమాణంగా ఆమోదించింది. ఆమోదం వచ్చేనాటికే దాని పని దాదాపు అయిపోయింది! అమెరికాలో క్వాల్‌కామ్ కథ ఇంకా ఖరీదైనది. ఫ్లో టీవీ పేరుతో 2007లో మొదలుపెట్టి, 2011 మార్చిలో మూసేసింది. దానికోసం కొన్న స్పెక్ట్రమ్‌ను ఏటీ అండ్ టీకి 192.5 కోట్ల డాలర్లకు అమ్ముకుని బయటపడింది. టీవీ చూపించి సంపాదించలేనిది ఖాళీ గాలి అమ్మి సంపాదించింది.

మన దేశంలో దూరదర్శన్ 2007 మేలో నోకియాతో కలిసి ఢిల్లీలో డీవీబీ-హెచ్ ప్రయోగం చేసింది. అది ప్రయోగంగానే మిగిలింది. తొమ్మిదేళ్ల తర్వాత, 2016 ఫిబ్రవరిలో, డీవీబీ-టీ2 పద్ధతిలో మళ్లీ ప్రయత్నించింది: ఫోన్ ఛార్జింగ్ పాయింటుకు ఒక చిన్న డాంగిల్ తగిలించుకుంటే దూరదర్శన్ ఛానళ్లు ఉచితం. అప్పుడు ప్రకటించిన 16 నగరాల్లో చెన్నై, బెంగళూరు, రాయ్‌పూర్, కటక్ ఉన్నాయి. హైదరాబాద్ లేదు, విశాఖ లేదు, విజయవాడ లేదు. తెలుగువాళ్లకు ఈ సంగతే తెలియకపోవడంలో ఆశ్చర్యం లేదు. తెలిసినా, డాంగిల్ కొని మరీ దూరదర్శన్ చూసేవాళ్లు ఎందరుండేవారన్నది వేరే ప్రశ్న.

ఈ ప్రయత్నాలన్నిటి జబ్బు ఒకటే. ఫోన్ అమ్మేవాడు 'ముందు ప్రసారం రానీ, తర్వాత చిప్ పెడతా' అన్నాడు. ప్రసారం చేసేవాడు 'ముందు ఫోన్లు రానీ' అన్నాడు. సెల్ ఆపరేటరు ఇద్దరినీ చూసి, 'నా డేటా ఎవరూ కొనకుండా ఉచితంగా టీవీ చూపించే ఫోన్‌ను నేనెందుకు అమ్మాలి?' అన్నాడు. ఈలోగా 2007లో ఐఫోన్ వచ్చింది. అందులో టీవీ చిప్ లేదు, యూట్యూబ్ ఉంది. ఆ తర్వాత కథ ఏ దారిన నడిచిందో మనకు తెలుసు.

మన దగ్గర అది నడిచింది కాదు, పరుగెత్తింది. 2016 సెప్టెంబరు 5కు ముందు ఒక జీబీ డేటా ప్యాక్ అంటే రెండొందల యాభై రూపాయల చుట్టూ ఉండేది. వీడియో వస్తే 'వైఫై దొరికాక చూద్దాంలే' అని పక్కన పెట్టుకున్న రోజులవి. జియో వచ్చి నెలల తరబడి డేటా ఉచితంగా పంచింది. మిగతా ఆపరేటర్లు చచ్చినట్టు ధరలు దించారు. నెలకు జీబీ లెక్క పోయి రోజుకు జీబీ లెక్క వచ్చింది. అప్పటిదాకా ఖరీదైన దుబారాగా ఉన్నది ఒక్కసారిగా చవకైన అలవాటైంది. తెలుగు ఇళ్లలో టీవీ రిమోట్ కోసం కొట్లాట తగ్గింది కూడా సరిగ్గా అప్పుడే: హాల్లో నాన్న వార్తలు, వంటింట్లో అమ్మ సీరియల్, గదిలో పిల్లల క్రికెట్.

నాలుగు పేజీల లెక్క

డేటా చవకవడం సగం కథే. రెండో సగం లేకపోతే ఎంత చవకైనా లాభం లేదు. పేపరు, పెన్ను తీసుకుని లెక్క కట్టండి. ఒక ఫుల్ హెచ్‌డీ ఫ్రేమ్‌లో 1920 అడ్డం, 1080 నిలువు, మొత్తం 20 లక్షల 73 వేల పైచిలుకు పిక్సెళ్లు. ఒక్కో పిక్సెల్ రంగు చెప్పడానికి 24 బిట్లు. సెకనుకు 25 ఫ్రేములు. గుణిస్తే సెకనుకు దాదాపు 124 కోట్ల బిట్లు. ఏ కుదింపూ లేకుండా పంపితే రోజుకు 1.5 జీబీ ప్యాక్ పది సెకన్లలో అయిపోతుంది. మ్యాచ్ కాదు కదా, టాస్ కూడా పూర్తికాదు. మనకు అందుతున్నది ఇందులో మూడొందలో వంతు, నాలుగొందలో వంతు. మిగతాదంతా దారిలో ఎవరు తీసేశారు, తీసేసినా మన కంటికి ఎందుకు తెలియట్లేదు?

దీనికి జవాబు వెతుక్కుంటూ వెళితే ముగ్గురు భారతీయుల దగ్గర ఆగుతాం. బెంగళూరులో పుట్టి పెరిగిన నాసిర్ అహ్మద్ అమెరికాలో కాన్సస్ స్టేట్ యూనివర్సిటీలో పాఠాలు చెప్పేవారు. 1972లో ఒక ఆలోచన రాసుకుని నేషనల్ సైన్స్ ఫౌండేషన్‌ను డబ్బు అడిగారు. మరీ తేలికైన విషయంలా ఉందని వాళ్లు ఇవ్వలేదు. ఆయన మాత్రం వదల్లేదు. తన పరిశోధక విద్యార్థి టి.నటరాజన్, న్యూమెక్సికోలో చదివిన రోజుల నుంచి మిత్రుడైన కె.ఆర్.రావులతో కలిసి పని పూర్తిచేశారు. 1974 జనవరిలో ముగ్గురి పేర్లతో నాలుగు పేజీల పత్రం అచ్చయింది. పేరు డిస్క్రీట్ కొసైన్ ట్రాన్స్‌ఫామ్, పొట్టిగా డీసీటీ. అందులోని రావుగారి పూర్తిపేరు కామిశెట్టి రామమోహనరావు. గిండీ ఇంజినీరింగ్ కాలేజీలో చదివి, టెక్సస్ యూనివర్సిటీ ఆర్లింగ్టన్‌లో దశాబ్దాలు పనిచేసి, 2021లో కన్నుమూశారు. తెలుగువాళ్లం ఫోన్లో రోజుకు ఎన్ని గంటలు వీడియో చూస్తామో, ఆయన పేరు ఎందరం విన్నామో పోల్చి చూసుకుంటే సిగ్గనిపిస్తుంది.

ఆ పత్రం చెప్పినదాన్ని క్రికెట్ మైదానం మీద పెట్టి చూద్దాం. బొమ్మను చిన్న చిన్న గళ్లుగా కోస్తారు. ఒక గడిలో పచ్చగడ్డి ఉందనుకోండి. అక్కడి ఒక్కో పిక్సెల్ విలువ రాసుకుంటూ పోవడం దండగ. ఆ గడిలో మెల్లగా మారే రంగు ఎంత, గజిబిజిగా మారే రంగు ఎంత అని విడదీస్తుంది డీసీటీ. మన కన్ను మెల్లగా మారేవాటిని బాగా పడుతుంది, సన్నని గజిబిజిని అంతగా పట్టించుకోదు. కాబట్టి గజిబిజి లెక్కల్లో చాలావాటిని సున్నా చేసేయొచ్చు. గడికి ఉండే 64 అంకెల్లో నాలుగైదు మిగిలితే చాలు, గడ్డి గడ్డిలాగే కనిపిస్తుంది. ఫొటోలకు వాడే జేపెగ్ అయినా, 2003లో ఖరారై ఇప్పటికీ ఫోన్లను ఏలుతున్న హెచ్.264 అయినా, ఆ తర్వాత వచ్చిన హెచ్ఈవీసీ అయినా పునాది ఇదే.

రెండో కిటుకు కదలికకు సంబంధించినది. బౌలర్ పరుగెత్తుకు వస్తున్నప్పుడు వెనక సైట్‌స్క్రీన్, పిచ్, అంపైర్ టోపీ ఎక్కడివక్కడే ఉంటాయి. ప్రతి ఫ్రేమ్‌లో వాటిని కొత్తగా పంపడం ఎందుకు? కాబట్టి అప్పుడప్పుడూ ఒక పూర్తి ఫ్రేమ్ పంపి, మధ్యలో మార్పులు మాత్రమే పంపుతారు. కెమెరా పక్కకు తిరిగితే, 'పాత బొమ్మలోని ఈ గడిని కుడికి ఇన్ని పిక్సెళ్లు జరుపు' అని ఒక్క ముక్క చెబుతారు. ఫోన్ తన దగ్గరున్న పాత బొమ్మతోనే కొత్తది కూర్చుకుంటుంది. అందుకే స్టూడియోలో కదలకుండా కూర్చుని వార్తలు చదివేవాళ్ల బొమ్మకు ఖర్చు తక్కువ. సిక్సర్ పడి, స్టేడియం అంతా ఒక్కసారి లేచి జెండాలు ఊపినప్పుడు చూడండి: పాత బొమ్మ ఎందుకూ పనికిరాదు, వేల ముఖాలు వేల రకాలుగా కదులుతాయి, ఇచ్చిన బిట్లు చాలవు. అందుకే సరిగ్గా ఆ ఆనంద క్షణంలోనే తెర గళ్లు గళ్లుగా విరిగిపోతుంది. ఆ గళ్లు మరేవో కావు, బొమ్మను మొదట కోసిన గళ్లే.

"నా ఫోన్లో ఇంకా బాల్ వెయ్యలేదు"

కుదించిన బొమ్మను ఫోన్‌కు చేర్చే పద్ధతి ఇంకో చిత్రం. ధారగా ప్రవహిస్తుంది అనుకుంటాం గానీ, నిజానికి వచ్చేది ముక్కలు. ఆపిల్ కంపెనీ 2009లో తెచ్చిన హెచ్ఎల్ఎస్ పద్ధతిలో లైవ్ వీడియోను ఆరు సెకన్లకో పది సెకన్లకో ఒక ఫైలుగా కోస్తారు. ఒక్కో ముక్కను ఐదారు నాణ్యతల్లో తయారుచేస్తారు: 240, 360, 480, 720, 1080. సర్వర్ దగ్గర ఒక జాబితా ఉంటుంది. ఫోన్ ఆ జాబితా చూసి, 'నాకు ఫలానా ముక్క పంపు' అని తనే అడిగి తెచ్చుకుంటుంది. తెచ్చుకోవడానికి పట్టిన సమయాన్ని బట్టి తర్వాతి ముక్క ఏ నాణ్యతలో అడగాలో కూడా తనే తేల్చుకుంటుంది. ఎంజీబీఎస్ నుంచి బస్సు కదిలి ఊరు దాటి, సిగ్నల్ రెండు గీతలకు పడిపోగానే బొమ్మ మసకబారుతుంది కదా, అది నెట్‌వర్క్ చేసే పని కాదు, ఫోన్ తీసుకునే నిర్ణయం. బొమ్మ ఆగిపోవడం కంటే మసకబారడం మేలని దానికి నేర్పారు. ఆ మసక ముక్క కూడా సమయానికి అందకపోతే చక్రం తిరగడం మొదలవుతుంది.

ఆ చక్రం తిరగకుండా ఉండేందుకు ఫోన్ కొన్ని ముక్కలు ముందే తెచ్చి దగ్గర పెట్టుకుంటుంది. ఆరు సెకన్ల ముక్కలు మూడంటే అక్కడే పద్దెనిమిది సెకన్లు. మైదానం నుంచి బొమ్మ ప్రొడక్షన్ గదికి, అక్కడి నుంచి కుదింపు యంత్రాలకు, సర్వర్లకు చేరడానికి మరికొన్ని. అంతా కలిపి మన ఫోన్‌లో 'లైవ్' అని ఎర్రగా వెలిగే బొమ్మ నిజానికి అరనిమిషం నాటిది కావచ్చు. డీటీహెచ్‌లో బొమ్మ 36 వేల కిలోమీటర్లు పైకెళ్లి, అంతే దూరం కిందికి దిగి వస్తుంది. అయినా ఆ ప్రయాణానికి పట్టేది పావు సెకను. కుదింపుకు ఇంకాస్త కలుపుకున్నా, వీధి చివరి సెల్ టవర్ నుంచి వచ్చే బొమ్మ కంటే ఆకాశం చుట్టి వచ్చిన బొమ్మే ముందుంటుంది.

దీని ఫలితం విజయవాడ సత్యనారాయణపురం లాంటి ఇరుకు వీధుల్లో ఐపీఎల్ రాత్రి చూడాలి. ఒక ఇంట్లో డిష్ ఉంటుంది. ఎదురింటి అరుగు మీద కుర్రాడు ఫోన్ పట్టుకుని ఉంటాడు. డిష్ ఉన్న ఇంట్లోంచి ఒక్కసారిగా కేక.

"ఏమైందిరా? అవుటా?"

"తెలీదు తాతయ్యా, నా ఫోన్లో ఇంకా బాల్ వెయ్యలేదు."

ఆ కేక సంబరానిదో, గుండె పగిలినదో గొంతును బట్టి పోల్చుకుని, జరగబోయేది ముందే తెలిసిపోయిన బంతి కోసం అరనిమిషం ఎదురు చూడాలి. థ్రిల్లర్ చివరి పేజీ ఎవరో చదివేసి వినిపించినంత కోపం వస్తుంది. ముక్కల నిడివి తగ్గించి, ముక్క పూర్తికాకముందే పంపే కొత్త పద్ధతులు 2019 నుంచి వస్తున్నాయి. ఆలస్యం తగ్గుతుంది గానీ, దగ్గర నిల్వ తక్కువ కాబట్టి సిగ్నల్ కాస్త ఊగినా చక్రం తిరుగుతుంది. రెండూ కావాలంటే దొరకవు.

డేటా లెక్క కూడా ఇక్కడే చెప్పుకుందాం. సెకనుకు ఒక మెగాబిట్ చొప్పున, అంటే ఓ మోస్తరు నాణ్యతతో చూస్తే గంటకు 450 ఎంబీ. రోజుకు 1.5 జీబీ ప్యాక్ మూడు గంటల ఇరవై నిమిషాలు వస్తుంది. ట్వంటీ20 మ్యాచ్ మూడున్నర గంటలు. అంటే పొద్దున్నించీ ఒక్క రీల్ కూడా చూడకుండా దాచుకున్నా, మీ డేటా ఆఖరి ఓవర్లలోనే అయిపోతుంది. 'అక్కా, ఒక్క రెండు ఓవర్లు హాట్‌స్పాట్ ఆన్ చెయ్యవే' అనే బతిమాలుడు తెలుగు ఇళ్లలో మొదలైంది అందుకే.

ఐదు కోట్ల తొంభై లక్షల తలుపులు

2023 నవంబరు 19. అహ్మదాబాద్‌లో భారత్, ఆస్ట్రేలియా ప్రపంచకప్ ఫైనల్. ఆ రోజు హాట్‌స్టార్‌లో ఒకే సమయంలో చూసినవాళ్ల సంఖ్య 5.9 కోట్లకు చేరింది. ఆ టోర్నీని ఫోన్లలో ఉచితంగా ఇచ్చారు మరి. మొదట చెప్పుకున్న ఇంటింటి పద్ధతిలో ఇది ఎంత పనో ఆలోచించండి. తలకు సెకనుకు ఒక మెగాబిట్ మాత్రమే వేసుకున్నా 59 టెరాబిట్లు. ఏ ఒక్క చోటి నుంచీ అంత పంపడం అయ్యే పని కాదు. అందుకే మ్యాచ్ ముక్కలను దేశం నలుమూలలా, ఇంటర్నెట్ కంపెనీల సొంత భవనాల్లో కూడా పెట్టిన సర్వర్లలోకి ముందే పంపి ఉంచుతారు. ఫోన్ అడిగిన ముక్క దగ్గర్లో ఉన్న సర్వర్ నుంచే వస్తుంది. ఇలా ఊరి దాకా తేలిగ్గా తెచ్చినా, చివరి మజిలీ మాత్రం మారదు: టవర్ నుంచి ఒక్కొక్క ఫోన్‌కు ఒక్కొక్క నకలు. స్టేడియం దగ్గర, జాతరలో, వినాయక నిమజ్జనం రోజున ట్యాంక్‌బండ్ మీద ఫోన్‌లో ఏదీ తెరుచుకోకపోవడానికి కారణం ఆ చివరి మజిలీయే.

జనం రావడం కంటే వెళ్లిపోవడమే ఎక్కువ ప్రమాదం. 2019 జులైలో మాంచెస్టర్‌లో న్యూజిలాండ్‌తో సెమీఫైనల్ గుర్తుంది కదా. ధోనీ క్రీజులో ఉన్నంతసేపూ చూసేవాళ్లు పెరుగుతూ పోయి 2.53 కోట్లకు చేరారు, అప్పటికి అది రికార్డు. న్యూజిలాండ్ ఫీల్డర్ గప్తిల్ విసిరిన బంతి వికెట్లను తాకింది. కోట్లమంది ఒకేసారి వెనక్కి మీట నొక్కారు. నొక్కినవాడు యాప్‌లోంచి నేరుగా బయటికి పోడు, ముందు హోమ్ పేజీకి వస్తాడు. ఆ పేజీ తనకోసం కొత్త సినిమాల బొమ్మలు, సిఫారసులు అడుగుతుంది. వీడియో సర్వర్ల మీద బరువు తగ్గిన క్షణంలోనే హోమ్ పేజీ సర్వర్ల మీద ఉప్పెన పడుతుందన్నమాట. ధోనీ రనౌట్‌కు కూడా సర్వర్లు ముందే సిద్ధంగా ఉండాలని హాట్‌స్టార్ ఇంజినీర్లకు తెలుసు. మనకే సిద్ధపడే అవకాశం లేకపోయింది.

తెలుగు ఛానళ్లు సముద్రాలు దాటింది కూడా ఈ ఇంటింటి పద్ధతిలోనే. ఉదయ్ రెడ్డి 2006లో మొదలుపెట్టిన యప్‌టీవీ అమెరికాలోని తెలుగువాళ్లకు మన ఛానళ్లను నెట్ మీద చేర్చింది. చికాగోలో చాటింపు వేయడానికి ఏ తెలుగు ఛానల్‌కూ టవర్ ఉండదు కదా. 2020లో వచ్చిన ఆహా, తర్వాత ఈటీవీ విన్, యూట్యూబ్‌లో రోజంతా నడిచే వార్తా ఛానళ్ల లైవ్‌లు... గల్ఫ్‌లో కూలి పనికి వెళ్లిన జగిత్యాల కార్మికుడికి క్యాంపు గదిలో బంకు మంచం మీద ఊరి వార్త దొరుకుతోందంటే ఆ పద్ధతి పుణ్యమే. దుబారా అన్నానని దాన్ని తీసిపారేయలేం.

మళ్లీ చాటింపు

తెలుగు పల్లెలకు టీవీ తొలిసారి వచ్చింది ఆకాశం నుంచే. 1975 ఆగస్టు నుంచి ఏడాదిపాటు నాసా ఉపగ్రహం ఏటీఎస్-6 ద్వారా ఆరు రాష్ట్రాల్లో 2,400 ఊళ్లకు నేరుగా ప్రసారాలు పంపారు. ఆంధ్రప్రదేశ్ అందులో ఒకటి. సైట్ అని పిలిచిన ఆ ప్రయోగంలో ఇనుప జాలీతో చేసిన మూడు మీటర్ల డిష్‌లు పెట్టి, ఊరంతా ఒక టీవీ ముందు కూర్చునేవారు. హైదరాబాద్ దూరదర్శన్ కేంద్రం వచ్చింది ఆ తర్వాత, 1977లో. ఎందరు చూసినా ఖర్చు పెరగని ఆ పద్ధతిని ఫోన్‌లోకి తేవాలన్నదే ఇప్పటి డైరెక్ట్ టు మొబైల్, డీ2ఎం ప్రయత్నం.

ఐఐటీ కాన్పూర్, బెంగళూరులోని సాంఖ్య ల్యాబ్స్, ప్రసార భారతి కలిసి దీనిపై పనిచేస్తూ వచ్చాయి. అమెరికా, కొరియాల్లో వాడుతున్న ఏటీఎస్‌సీ 3.0 ప్రమాణం దీనికి ఆధారం. బెంగళూరులో, ఢిల్లీ కర్తవ్యపథ్‌లో, నోయిడాలో ప్రయోగాలు జరిగాయి. 19 నగరాల్లో పరీక్షిస్తామని, 470 నుంచి 582 మెగాహెర్ట్జ్ మధ్య స్పెక్ట్రమ్ దీనికి ఉంచాలని 2024 జనవరిలో అప్పటి సమాచార, ప్రసార శాఖ కార్యదర్శి అపూర్వ చంద్ర చెప్పారు. దేశంలో 28 కోట్ల ఇళ్లుంటే టీవీ ఉన్నవి 19 కోట్లేనని, వీడియోలో పాతిక, ముప్పై శాతం ఇటు మళ్లినా 5జీ మీద బరువు దిగుతుందని ఆయన వాదన. 2025 మేలో ముంబై వేవ్స్ సదస్సు సందర్భంగా లావా, హెచ్ఎండీ కంపెనీలు డీ2ఎం ఫోన్లు ప్రకటించాయి.

వ్యతిరేకులూ గట్టివాళ్లే. ఫోన్‌కు ఖర్చు పెరుగుతుంది, బ్యాటరీ తింటుంది, సెల్ సిగ్నల్‌కు అడ్డొస్తుంది అని తయారీదారుల అభ్యంతరం. ఆపరేటర్ల బాధ వేరే చెప్పాలా? వాళ్ల రాబడి డేటాలో ఉంది. ఇరవై ఏళ్ల నాటి పేచీయే ఇది, పాత్రలు మాత్రం మారాయి.

తుఫాన్ల సమయంలో పనికొస్తుందనే మాట నాకు సమంజసంగానే తోస్తుంది. 2014లో హుద్‌హుద్ వచ్చినప్పుడు విశాఖలో సెల్ నెట్‌వర్క్ కుప్పకూలింది. ఎత్తయిన ఒక్క ప్రసార టవర్ నిలబడినా పదుల కిలోమీటర్ల మేర కబురు అందుతుంది. ఫోన్‌లో ఛార్జింగ్ ఉంటే సుమా!

అయితే నా అనుమానం సాంకేతికత మీద కాదు, దాన్ని నడిపే డబ్బు మీద. ఇంటింటి పద్ధతికి ఇంకో లాభం ఉంది, అది చూసేవాడిది కాదు, చూపించేవాడిది. ఒక్కొక్కరికీ విడి నకలు వెళ్తుంది కాబట్టి ఎవరు చూస్తున్నారో, ఏ ఊళ్లో, ఏ ఫోన్‌లో, ఏ ఓవర్లో లేచి వెళ్లారో వాళ్లకు తెలుసు. ఒకే విరామంలో గుంటూరు రైతుకు ట్రాక్టర్, గచ్చిబౌలి ఉద్యోగికి కారు ప్రకటన చూపించగలరు. చాటింపు వేసేవాడికి వినేవాళ్లెవరో తెలియదు. 2022లో ఐపీఎల్ ఐదేళ్ల హక్కుల వేలంలో దేశంలో టీవీ హక్కులు 23,575 కోట్లు పలికితే, డిజిటల్ హక్కుల ప్రధాన ప్యాకేజీ ఒక్కటే 20,500 కోట్లు పలికింది. అన్ని కోట్లు పెట్టినవాళ్లు, చూసేవాడెవరో తెలియని ప్రసారానికి తమ బొమ్మను ఊరికే ఇస్తారా?

ఇచ్చి తీరాల్సిన బొమ్మలు మాత్రం కొన్ని ఉన్నాయి. 2007 నాటి క్రీడా ప్రసార సంకేతాల చట్టం ప్రకారం జాతీయ ప్రాధాన్యం ఉన్నవని ప్రభుత్వం ప్రకటించిన మ్యాచ్‌ల సిగ్నల్‌ను హక్కులు కొన్న సంస్థ ప్రసార భారతితో పంచుకోవాలి. ఐపీఎల్ ఇందులో లేదు, భారత జట్టు వన్డేలు, ట్వంటీ20లు ఉన్నాయి. అయితే ఆ సిగ్నల్‌ను ప్రసార భారతి తన సొంత నేలమీది ప్రసారంలో, సొంత ఉచిత డీటీహెచ్‌లో మాత్రమే వాడుకోవాలని, ప్రైవేటు కేబుల్‌కు అందించకూడదని 2017లో సుప్రీంకోర్టు తేల్చింది. డీ2ఎం కూడా టవర్ నుంచి వచ్చే నేలమీది ప్రసారమే. కాబట్టి రేపు భారత్, పాకిస్తాన్ మ్యాచ్ డేటా ఖర్చు లేకుండా, సిమ్ము లేకుండా నేరుగా ఫోన్‌లోకి రావచ్చని ఒక లాయరు వాదిస్తాడు. ఫోన్లో వచ్చేది ఏదైనా డిజిటల్ హక్కుల కిందికే వస్తుందని ఇంకో లాయరు వాదిస్తాడు. 2007లో చట్టం రాసినవాళ్ల ఊహలో ఇలాంటి ఫోన్ లేదు. ఆ కేసు ఏ కోర్టులో పడుతుందో గానీ, తీర్పు వచ్చేదాకా డీ2ఎం చిప్పున్న ఫోన్ కొన్నవాళ్లకు దూరదర్శన్ ఛానళ్లయితే గ్యారంటీ.